లోపలి డిస్క్‌ను తాకకుండా, బయటి హార్డ్‌డిస్క్ నుంచి ల్యాప్‌టాప్‌ను స్టార్ట్ చేయడం సాధ్యమేనా?

అల్లూరు చెల్లెలు · సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు. కావలిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్, అది మా అన్నయ్యది. చుట్టుపక్కల రొయ్యల గుంటల రైతుల లెక్కలు, మేత కొట్ల బిల్లులు, జీఎస్టీ రిటర్నులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ సెమిస్టర్‌లో నాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది, లినక్స్ కావాలి. రాత్రిపూట ల్యాప్‌టాప్ నాకు ఇస్తానన్నాడు గాని షరతు పెట్టాడు. లోపల ఒక్క ఫైలు మారకూడదు, కొత్త ప్రోగ్రామ్ ఏదీ ఎక్కించకూడదు, పొద్దున తాను మీట నొక్కితే ఎప్పటిలాగే విండోస్ రావాలి.

పాత ల్యాప్‌టాప్ పాడైనప్పుడు తీసి దాచిన 500 జీబీ హార్డ్‌డిస్క్ ఒకటి ఉంది. దాన్ని కేసులో పెట్టి యూఎస్‌బీకి తగిలించి, లినక్స్ మొత్తం దాని మీదే ఉంచి, అక్కడి నుంచే ల్యాప్‌టాప్‌ను స్టార్ట్ చేయవచ్చా? విండోస్ 11, 8 జీబీ ర్యామ్. నేను అడుగుతున్నది లైవ్ పెన్‌డ్రైవ్ గురించి కాదు. ఈ రోజు రాసిన ప్రోగ్రాము, మార్చుకున్న సెట్టింగు రేపు కూడా అక్కడే ఉండాలి.

కందుకూరు కుర్రాడు · సోమవారం, రాత్రి 9:31

ఒక్క ల్యాబ్ కోసం ఇంత తతంగం ఎందుకండీ? విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ విండోస్ 11 లోనే ఉంది, ఒక ఆదేశం ఇస్తే ఉబుంటు అనే లినక్స్ వచ్చేస్తుంది. అది వద్దంటే వర్చువల్‌బాక్స్, విండోస్ మీద ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్. బయటి డిస్క్, కేబుల్, బూట్ మెనూ, ఈ తలనొప్పులు ఎందుకు?

అల్లూరు చెల్లెలు · సోమవారం, రాత్రి 9:44

ఏది పెట్టినా అన్నయ్య విండోస్‌లోకి కొత్త సామాను చేరినట్టే కదండీ. పైగా మా ల్యాబ్‌లో కెర్నల్ మాడ్యూల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డుకు తగిలించే చిన్న ముక్క, రాసి ఎక్కించే ప్రయోగాలున్నాయి. డబ్ల్యూఎస్ఎల్‌లో కెర్నల్‌ను మైక్రోసాఫ్ట్ ఇస్తుంది, మాడ్యూళ్లు ఎక్కించాలంటే దాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాలట. 8 జీబీలో విండోస్‌ను, దాని మీద ఇంకో వర్చువల్ యంత్రాన్ని నడిపితే రెండూ ఆయాసపడతాయి.

పెన్నా గట్టు · సోమవారం, రాత్రి 10:15

సాధ్యమే, పైగా మీ అవసరానికి సరిపోయే మార్గం అదే. కుర్రాడు గారు చెప్పినవి వేరే వాళ్లకు పనికొస్తాయి.

ఏం జరుగుతుందో ముందు తెలుసుకుంటే తర్వాత తికమక ఉండదు. మీట నొక్కగానే మొదట మేలుకొనేది మదర్‌బోర్డు మీది యూఈఎఫ్ఐ. పాత అలవాటు కొద్దీ దాన్నే ఇప్పటికీ బయోస్ అంటున్నాం. బోర్డు మీద చిన్న జ్ఞాపకం ఒకటి ఉంటుంది. ఏ డిస్క్‌లో ఏ ఫైలును నడపాలో అందులో వరసగా రాసి ఉంటుంది. మీ అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఆ వరసలో మొదటి పేరు విండోస్ బూట్ మేనేజర్. యూఎస్‌బీకి తగిలించిన డిస్క్ సంగతి వేరు. దాని పేరు బోర్డుకు ముందుగా తెలియదు. అందుకని ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (యంత్రం లేవడానికి కావలసిన ఫైళ్లు ఉంచే డిస్క్ భాగం) కోసం చూసి, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దానిలో బూట్ అనే ఫోల్డరు, దానిలో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైలు ఉన్నాయేమో వెతుకుతుంది. ఉంటే నడుపుతుంది. బయటి డిస్క్‌లకు ఆ దారి నిబంధనల్లోనే రాసి పెట్టినది, కంపెనీని బట్టి మారదు.

కాబట్టి మీ డిస్క్‌లో ఆ ఫైలు ఆ చోట ఉంటే చాలు. మీట నొక్కిన వెంటనే బూట్ మెనూ, అంటే ఏ డిస్క్ నుంచి లేవాలో ఎంచుకునే జాబితా, పిలవండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. ఏసస్‌లో ఎస్కేప్ లేదా ఎఫ్8. ఏసర్‌లో కూడా ఎఫ్12 నే, కాని చాలా మోడళ్లలో ముందు ఎఫ్2 తో బయోస్‌లోకి వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాలి. మెనూలో ఎంచుకున్నది ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. మర్నాడు మీ అన్నయ్య మీట నొక్కితే మళ్లీ విండోసే.

చీమకుర్తి నల్లరాయి · సోమవారం, రాత్రి 10:52

గట్టు గారు చెప్పింది నిజమే గాని, స్టార్ట్ చేయడం ఇందులో తేలిక భాగం. ఒంగోలులో నాది ల్యాప్‌టాప్ రిపేరు షాపు. ఈ వ్యవహారంలో చెడిపోయి వచ్చిన యంత్రాలన్నీ ఇన్‌స్టాల్ చేసే రోజునే చెడ్డాయి, వాడే రోజున కాదు.

చెల్లెమ్మా, నువ్వు ఏం చేస్తావో చెప్పనా? పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకుని, అన్నయ్య ల్యాప్‌టాప్‌ను దానితో స్టార్ట్ చేసి, బయటి డిస్క్ తగిలించి, ఇన్‌స్టాల్ నొక్కుతావు. ఎక్కడ వేయాలని అడిగితే జాగ్రత్తగా బయటి డిస్క్‌నే చూపిస్తావు. లినక్స్ మొత్తం అక్కడికే వెళ్తుంది. బూట్‌లోడర్ మాత్రం, అంటే ఆ మొదటి చిన్న ఫైలు, చెప్పాపెట్టకుండా లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో కూర్చుంటుంది. బోర్డు జ్ఞాపకంలో దాని పేరు విండోస్ కంటే పైకి ఎక్కుతుంది. డిస్క్ తగిలి ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. పొద్దున నువ్వు డిస్క్ తీసుకుని కాలేజీకి పోతావు, అన్నయ్య మీట నొక్కుతాడు, నల్ల తెర మీద గ్రబ్ అని ఆ బూట్‌లోడర్ పేరు ఒక్కటే, పక్కన మినుకుమినుకుమనే గీత. తాళం ఒక ఇంట్లో, తలుపు ఇంకో ఇంట్లో.

టంగుటూరు నుంచి ఒకాయన సరిగ్గా ఇలాంటి యంత్రమే తెచ్చాడు. లోపల విండోస్ చెక్కుచెదరకుండా ఉంది. కాని ఆయనకు అప్పటికే ఇంకో చోట ఎవరో మొత్తం ఫార్మాట్ చేయాలని చెప్పారట. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే తెరుచుకుంది. బయోస్‌లో దాన్ని పైకి జరిపి పంపించాను.

పెన్నా గట్టు · సోమవారం, రాత్రి 11:05

నల్లరాయి గారి మాటకు నా సంతకం కూడా. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌లో బూట్‌లోడర్‌ను ఏ డిస్క్‌లో పెట్టాలని అడిగే గడి ఉండేది. అందులో బయటి డిస్క్‌ను ఎంచుకున్నా, యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఆ ఎంపిక పని చేసేది కాదు, మొదట కనిపించిన ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే రాసేది. ఇది బాగా ప్రచారంలో ఉన్న సంగతే. వేరే పంపిణీల్లోనూ, అంటే ఉబుంటు కాని లినక్స్ రకాల్లోనూ, పార్టిషన్లు మన చేత్తో విడగొట్టుకుని ఏది ఈఎఫ్ఐ పార్టిషనో మనమే చూపించకపోతే ఇదే ప్రమాదం.

దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. అలా వేసిన డిస్క్‌ను వేరే ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే లేవదు. లేపే ఫైలు దాని దగ్గర లేదు కదా.

మార్కాపురం పలక · మంగళవారం, ఉదయం 6:10

అమ్మాయ్, మంచి ప్రశ్న అడిగావు. నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. నాకు ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, లోపలి డిస్క్ పోయి చాలా కాలమైంది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేయించుకుని దానితోనే పత్రికలు చదువుతున్నాను, పిల్లలకు ప్రశ్నపత్రాలు తయారు చేస్తున్నాను. లోపల డిస్కే లేకపోయినా యంత్రం నడుస్తుందని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. అయితే ఏది నొక్కినా ఆలోచించి ఆలోచించి తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్ మార్చాలా, ల్యాప్‌టాప్ మార్చాలా?

ఇంకొకటి, అమెరికా నుంచి మా అబ్బాయి మ్యాక్‌బుక్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో ఎఫ్12 నొక్కితే శబ్దం పెరుగుతోంది తప్ప మెనూ రావడం లేదు.

చీమకుర్తి నల్లరాయి · మంగళవారం, ఉదయం 8:40

మాస్టారూ, పెన్‌డ్రైవ్ మార్చాలి. ఫొటోలు, పాటలు ఒకచోటి నుంచి ఒకచోటికి మోయడానికి చేసిన వస్తువు అది. ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చున్న డిస్క్ మీద నిమిషనిమిషానికీ చిన్న చిన్న రాతలు పడుతూనే ఉంటాయి, మీరు ఏమీ నొక్కకపోయినా. పెన్‌డ్రైవ్ ఆ రాతలకు నెమ్మది, పైగా తొందరగా అరుగుతుంది. ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, కొని కేసులో పెట్టుకోండి. డిస్క్ లేని యంత్రమైతే కేసు కూడా ఎందుకు, లోపలే బిగిస్తాను.

చెల్లెమ్మకు కూడా ఇదే మాట. ఆ పాత 500 జీబీ తిరిగే డిస్కేనా?

అల్లూరు చెల్లెలు · మంగళవారం, మధ్యాహ్నం 1:05

అవునన్నా. చెవి దగ్గర పెడితే తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. మీద 5400 ఆర్‌పీఎం అని రాసి ఉంది.

పెన్నా గట్టు · మంగళవారం, మధ్యాహ్నం 1:40

నడుస్తుంది గాని ఓపిక కావాలి. ఇక్కడ పెట్టె మీది అంకెలు చూసి మోసపోకూడదు. తిరిగే డిస్క్ వరసగా ఉన్న పెద్ద ఫైలును సెకనుకు సుమారు 100 ఎంబీ వేగంతో చదువుతుంది, వినడానికి బాగానే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ లేచేటప్పుడు కావలసినవి మాత్రం వేల చిన్న ఫైళ్లు, అవి డిస్క్ మీద తలా ఒక మూల ఉంటాయి. ఒక్కొక్క దాని దగ్గరికి సూది జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. అలా సెకనుకు ఓ వంద చోట్లకు చేరగలదేమో, అంతే. ఎస్‌ఎస్‌డీలో జరిగే సూదీ లేదు, తిరిగే పళ్లెమూ లేదు, వేల చోట్ల నుంచి తెచ్చేస్తుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 3.0 కేసులో పెడితే వరస చదువు కూడా 400 ఎంబీ దాకా వస్తుంది.

పోర్టు కూడా చూసుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపల నీలం నాలుక ఉన్నది యూఎస్‌బీ 3. పక్కనున్న నల్లది యూఎస్‌బీ 2 అయితే సెకనుకు 40 ఎంబీ దాటదు, ఎంత మంచి డిస్క్ పెట్టినా అక్కడే ఆగుతుంది. కరెంటులోనూ తేడా ఉంది. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి, యూఎస్‌బీ 3 పోర్టు 900. తిరిగే డిస్క్ కదలడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ లాగుతుంది. టిక్కు టిక్కుమని ఆగిపోతుంటే డిస్క్ పోయిందని కంగారు పడకండి, ముందు పోర్టు మార్చి చూడండి.

మాస్టారికి: ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్ అయితే మీట నొక్కగానే ఆప్షన్ మీటను పట్టుకోవాలి. యాపిల్ సొంత చిప్ ఉన్నదైతే పవర్ మీటనే ఎంపికల తెర వచ్చేదాకా నొక్కి ఉంచాలి. మధ్యలో టీ2 అనే భద్రతా చిప్‌తో వచ్చిన ఇంటెల్ మ్యాక్‌లు కొన్ని బయటి డిస్క్‌ను మొదట రానివ్వవు, రికవరీలోకి వెళ్లి అనుమతి ఇవ్వాలి.

పొదలకూరు నిమ్మ · మంగళవారం, సాయంత్రం 6:30

నాది వేరే భయం. నేను చార్టర్డ్ అకౌంటెంట్ల దగ్గర పని చేస్తాను. అన్నయ్య గారి ల్యాప్‌టాప్‌లో ఉన్నవి ఆయన ఒక్కరి లెక్కలు కావు, ఊళ్లో రైతులందరివి. పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. విండోస్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అని ఆయన ధీమాగా ఉండవచ్చు. బయటి డిస్క్ నుంచి లినక్స్ లేస్తే ఆ పాస్‌వర్డ్ అడ్డం రాదు కదా?

పెన్నా గట్టు · మంగళవారం, సాయంత్రం 7:12

రాదు. విండోస్ పాస్‌వర్డ్ విండోస్ నడుస్తున్నప్పుడే కాపలా కాస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాకపోతే, అంటే అందులోని రాత కీ లేనిదే చదవలేని రూపంలో లేకపోతే, ఎవరైనా సరే పెన్‌డ్రైవ్ పెట్టి లేపుకుని ఫోల్డర్లు తెరుచుకోవచ్చు. అందుకే ఈ ఇంట్లో చెల్లెలికి కావలసిన సౌకర్యమూ, అన్నయ్య తెలుసుకోవలసిన ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయి.

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగుల్లో ప్రైవసీ, సెక్యూరిటీ భాగంలో కనిపిస్తుంది. ఆన్‌లో ఉంటే రెండు పనులు. మొదటిది, 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో అన్నయ్య ముందే చూసుకోవాలి, మామూలుగా ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టమనండి. రెండోది, బయోస్‌లో సెక్యూర్ బూట్‌ను, అంటే సంతకం లేని ఫైలుతో యంత్రం లేవకుండా చూసే కాపలాను, కదపవద్దు. లినక్స్ వేసుకోవాలంటే దాన్ని ఆపేయాలని పాత వీడియోలు ఇంకా చెబుతున్నాయి. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ పదో వెర్షన్ నుంచి వచ్చినవి అన్నీ మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న ఫైలుతోనే లేస్తాయి, లేపడానికి ఆపవలసిన పని లేదు. ఆపితే మాత్రం మర్నాడు విండోస్ ఆ 48 అంకెలు అడుగుతుంది.

ఇంకొకటి. లినక్స్ లేచేటప్పుడు గ్రబ్ జాబితాలో విండోస్ పేరు కూడా కనిపించవచ్చు. అక్కడి నుంచి విండోస్‌లోకి వెళ్లవద్దు. వచ్చిన దారి మారిందని అప్పుడూ కీ అడిగే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్ ఆపి, డిస్క్ తీసి, మామూలుగా మీట నొక్కడమే.

కందుకూరు కుర్రాడు · మంగళవారం, రాత్రి 8:03

చూశారా, డబ్ల్యూఎస్ఎల్ అంటే ఇవేవీ ఉండవు కదా అని మళ్లీ అనాలని ఉంది గాని ఊరుకుంటున్నాను. నాకూ ఒక సందేహం: ఇదే పద్ధతిలో విండోస్‌నే బయటి డిస్క్‌లో వేసుకోవచ్చా? ఆఫీసు విండోస్ వేరు, ఇంటి విండోస్ వేరుగా ఉంటాయి.

పెన్నా గట్టు · మంగళవారం, రాత్రి 8:25

ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే వాళ్లను అడగకుండా ఏ డిస్కూ తగిలించవద్దు. సొంతదైతే వినండి. మైక్రోసాఫ్ట్ సెటప్ యూఎస్‌బీ డిస్క్‌ను చూపిస్తే అందులో ఇన్‌స్టాల్ చేయనని చెబుతుంది. విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో విండోస్ టు గో అని ఒకటి తెచ్చారు, సరిగ్గా ఈ పనికే. 2020లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 2004తో దాన్ని తీసేశారు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇప్పటికీ అలాంటి డిస్క్ తయారు చేసిపెడుతుంది. కాని ఒక యంత్రానికి అలవాటుపడిన విండోస్‌ను ఇంకో యంత్రానికి తగిలిస్తే డ్రైవర్ల కోసం తడుముకుంటుంది. ఈ విషయంలో లినక్స్‌కు సులువు. అది తన డ్రైవర్లలో చాలాభాగాన్ని కెర్నల్‌తోపాటే మోసుకు తిరుగుతుంది.

అల్లూరు చెల్లెలు · బుధవారం, సాయంత్రం 5:50

అన్నయ్యకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉందట, ఆయనకే తెలియదు. కీ రాసి పెట్టుకున్నాడు. నిమ్మ గారికి ధన్యవాదాలు చెప్పమన్నాడు.

ఎస్‌ఎస్‌డీ కొనడానికి డబ్బులు కూడా ఇస్తానన్నాడు. ఇక ఇన్‌స్టాల్ సంగతి. లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఏదీ రాయకుండా ఎలా వేయాలి? ల్యాప్‌టాప్ వెనుక మరలు విప్పి లోపలి డిస్క్ తీసేయమని ఒక వీడియోలో చెప్పారు. అన్నయ్య ఆ మాట వింటేనే ల్యాప్‌టాప్ ఇవ్వనంటాడు.

చీమకుర్తి నల్లరాయి · బుధవారం, రాత్రి 9:15

మరలు విప్పవద్దు. కొత్త మోడళ్ల వెనుక రేకు కింద ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. అలవాటు లేని చేతికి ఒకటి విరుగుతుంది, తర్వాత ఆ మూల జన్మంతా కిర్రుమంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో లోపలి డిస్క్‌ను కొద్దిసేపు ఆపివేసే ఎంపిక ఉంటుంది, అలా ఉంటే ఆపి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. కాని అన్నయ్య బయోస్‌లో చెయ్యి పెట్టడం కంటే మంచి దారి ఉంది. అసలు ఆ ల్యాప్‌టాప్ మీద ఇన్‌స్టాలే చేయవద్దు.

నా షాపులో డిస్క్ లేని యంత్రాలు ఎప్పుడూ రెండు మూడు పడి ఉంటాయి. నీ ఎస్‌ఎస్‌డీని వాటిలో ఒకదానికి తగిలించి వేస్తే, తప్పుగా రాయడానికి అక్కడ వేరే డిస్కే లేదు. ఈఎఫ్ఐ పార్టిషన్, బూట్‌లోడర్, అన్నీ చచ్చినట్టు దాని మీదే పడతాయి. తర్వాత గట్టు గారు చెప్పిన బయటి డిస్క్‌ల దారిలో బూట్‌లోడర్ ప్రతి ఉందో లేదో చూసి ఇస్తాను. డెబియన్ వేస్తే చివర్లో అదే అడుగుతుంది, నిపుణుల పద్ధతిలో వేస్తే.

ఒంగోలు రాగలవా?

అల్లూరు చెల్లెలు · బుధవారం, రాత్రి 9:22

ఒంగోలులో మా మేనత్త వాళ్లున్నారు. ఆదివారం అమ్మతో కలిసి వస్తాం. షాపు ఉంటుందా అన్నా?

చీమకుర్తి నల్లరాయి · బుధవారం, రాత్రి 9:30

మధ్యాహ్నం దాకా ఉంటుంది. కేసుతోపాటు వచ్చిన కేబులే తీసుకురా, ఫోను ఛార్జింగ్ కేబుల్ కాదు. వాటిలో చాలావరకు లోపల యూఎస్‌బీ 2 తీగలే ఉంటాయి.

పెన్నా గట్టు · బుధవారం, రాత్రి 10:01

ఇన్‌స్టాల్ అయ్యాక గుర్తుంచుకోవలసినవి ఇప్పుడే చెబుతాను, ఆదివారం హడావిడిలో ఎవరూ చెప్పరు.

లినక్స్‌లో ఫైల్ మేనేజర్ ఎడమవైపు అన్నయ్య డిస్క్ కనిపిస్తుంది. కీ లేనిదే తెరుచుకోదు గనుక ఈ ఇంట్లో భయం లేదు. ఎన్‌క్రిప్షన్ లేనివాళ్లు మాత్రం దాని మీద నొక్కవద్దు. విండోస్‌లో షట్ డౌన్ అన్నప్పుడు అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ పేరుతో సగం నిద్రలోకి వెళ్తుంది, డిస్క్ లెక్క సగంలో ఉంటుంది. ఆ సమయంలో లినక్స్ అందులో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. రీస్టార్ట్ అన్నప్పుడు అలా జరగదు. అందుకని లినక్స్‌లోకి వెళ్లాలనుకున్నప్పుడు విండోస్ నుంచి షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో పరికరాన్ని ఎంచుకునే వీలు చాలా యంత్రాల్లో ఉంటుంది, ఎఫ్ మీటల గొడవే ఉండదు.

రెండో సంగతి మూత. లినక్స్ నడుస్తుండగా మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, యూఎస్‌బీకి కరెంటు ఆగవచ్చు. లేచాక డిస్క్ ఒక్క క్షణం ఆలస్యంగా పలికినా, తన ఇల్లే కనపడక లినక్స్ బిగుసుకుపోతుంది. మూత వేస్తే ఏమీ చేయవద్దని సెట్టింగులో పెట్టుకోండి, పని అయ్యాక పూర్తిగా ఆపండి. మంచం మీద కూర్చుని పని చేసేవాళ్లయితే కేబుల్ మీద కాలు పడకుండా చూసుకోండి. నడుస్తుండగా అది ఊడితే రాస్తున్నది పోతుంది.

అల్లూరు చెల్లెలు · ఆదివారం, రాత్రి 10:40

లేచింది! షాపులో వేసిన యంత్రం వేరే కంపెనీది, అయినా అదే డిస్క్ ఇంట్లో అన్నయ్య ల్యాప్‌టాప్ మీద ఏమీ మార్చకుండానే లేచింది. వైఫై కూడా దానంతట అదే దొరికింది. ఎఫ్12 నొక్కితే ఏమీ రాలేదు, షిఫ్ట్ రీస్టార్ట్ దారిలో వెళ్లాను. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా పెట్టుకున్నాను. కెర్నల్ మాడ్యూల్ మొదటి ప్రయోగం అయిపోయింది.

నల్లరాయి అన్న డబ్బులు తీసుకోలేదు. అమ్మ ఊరుకోదు కదా, పచ్చి రొయ్యల డబ్బా ఇచ్చి వచ్చింది.

మార్కాపురం పలక · సోమవారం, ఉదయం 5:55

శుభం అమ్మాయ్. రొయ్యల సంగతి ముందే తెలిస్తే నేనూ షాపు పెట్టేవాడిని.

అల్లూరు చెల్లెలు · సోమవారం, ఉదయం 10:20

అన్నయ్య ఇప్పుడే ఫోను చేశాడు. విండోస్ మామూలుగానే వచ్చిందట, కాని గడియారం వెనక్కు పోయింది. పది గంటలకు కొట్టిన బిల్లు మీద తెల్లవారుజాము 4:30 అని పడిందట. లోపల ఏమీ మారకూడదన్నానే అంటున్నాడు. నేనేమీ ముట్టుకోలేదు!

పెన్నా గట్టు · సోమవారం, ఉదయం 10:34

సరిగ్గా అయిదున్నర గంటలు కదా. అది మన దేశపు సమయానికీ ప్రపంచ ప్రామాణిక సమయానికీ ఉన్న తేడా. మదర్‌బోర్డు మీద ఒక గడియారం ఉంటుంది. అందులో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, ప్రామాణిక సమయమని లినక్స్ అనుకుంటుంది. రాత్రి మీ లినక్స్ ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకుని, తన పద్ధతిలో బోర్డు గడియారాన్ని దిద్దింది. పొద్దున విండోస్ దాన్ని తన పద్ధతిలో చదివింది.

ఇప్పటికి అన్నయ్యను విండోస్ తేదీ, సమయం సెట్టింగుల్లో సింక్ నౌ నొక్కమనండి, సరిపోతుంది. బిల్లును రద్దు చేసి మళ్లీ కొట్టాలో లేదో నిమ్మ గారు చెప్పాలి. మళ్లీ రాకుండా ఉండాలంటే, బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమేనని మీ లినక్స్‌కు చెప్పాలి. ఒక్క వరస ఆదేశం. అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయాలి గనుక స్క్రీన్‌షాట్‌గా జత చేశాను. ఆదేశం ఇవ్వగానే ఇది సిఫార్సు చేసే పద్ధతి కాదని లినక్స్ కాస్త సణుగుతుంది. పట్టించుకోకండి, మన దగ్గర వేసవి, శీతాకాలం అని గడియారాలు మార్చే అలవాటు లేదు గనుక ఇబ్బంది రాదు.

పొదలకూరు నిమ్మ · సోమవారం, ఉదయం 11:15

తేదీ అదే కదా, మామూలు ఇన్‌వాయిస్‌కు తేదీ ముఖ్యం, గంట కాదు. అలాగే ఉంచమనండి.

అల్లూరు చెల్లెలు · సోమవారం, రాత్రి 9:48

ఆదేశం ఇచ్చాను, సణిగింది, ఊరుకుంది. విండోస్‌లోకి వెళ్లి చూశాను, గడియారం సరిగ్గా ఉంది. అన్నయ్య మాత్రం ఇకనుంచి పొద్దున ల్యాప్‌టాప్ తెరవగానే గోడ గడియారం వైపు ఒకసారి చూస్తానంటున్నాడు.

మార్కాపురం పలక · మంగళవారం, ఉదయం 6:02

నల్లరాయి గారూ, శుక్రవారం ఒంగోలు వస్తున్నాను. డిస్క్ లేని నా పాత ల్యాప్‌టాప్ తెస్తాను. అది యూఈఎఫ్ఐ కంటే ముందు కాలం నాటిది, నీలం తెర మీద తెల్ల అక్షరాల బయోస్. ఎస్‌ఎస్‌డీ బిగిస్తే పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌ను ఉన్నదున్నట్టు దాని మీదికి దించవచ్చా, మళ్లీ మొదటి నుంచి వేయాలా? నా ప్రశ్నపత్రాలు పోకూడదు.

చీమకుర్తి నల్లరాయి · మంగళవారం, ఉదయం 9:05

ఉన్నదున్నట్టు దించవచ్చు మాస్టారూ, ఎస్‌ఎస్‌డీ పెన్‌డ్రైవ్ కంటే పెద్దది కాబట్టి. దించాక మిగిలిన జాగా కలుపుతాను. పాత బయోస్ అయినా ఇబ్బంది లేదు, లేపడానికి అది చదివే మొదటి సెక్టారుతో సహా వస్తుంది. ముందుగా ప్రశ్నపత్రాలు ఇంకో పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకునే రండి. ఛార్జరు మరిచిపోకండి, ఆ మోడల్ పిన్ను నా దగ్గర లేదు.